జపనీసా, కొరియనా, టర్కిషా? సరదాకి భాష నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లకి

ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకునేవాళ్లు, బదిలీ అయిందని కన్నడం నేర్చుకునేవాళ్లు ఇది చదవక్కర్లేదు. వాళ్లు ఏ భాష పట్టుకోవాలో జీతమో ఆఫీసో ముందే తేల్చేసింది. ఇది ఏ అవసరమూ లేకపోయినా, మనుషులు ఎన్నెన్ని పద్ధతుల్లో మాట్లాడతారో, రాస్తారో లోపలికి వెళ్లి చూద్దామనే కుతూహలం ఉన్నవాళ్ల కోసం. అలాంటివాళ్లకి అసలు చిక్కు ఎంచుకోవడంలోనే. ఉన్నవి వేల భాషలు, మనకున్న తీరిక రోజుకి అరగంట.

నెట్‌లో వెతికితే ముందుగా తగిలేది 'అత్యంత కష్టమైన పది భాషలు' లాంటి జాబితా. ఇలాంటివాటిలో చాలావాటికి మూలం అమెరికా విదేశాంగ శాఖకి చెందిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్క. తమ దౌత్య ఉద్యోగులకి ఏ భాష నేర్పడానికి ఎంతకాలం పడుతుందో చూసి వాళ్లు భాషల్ని వర్గాలు చేశారు. స్పానిష్, ఇటాలియన్ తేలికవి. జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ అన్నిటికంటే కష్టమైనవి: 88 వారాలు, 2200 తరగతి గంటలు. మధ్యలో 44 వారాల వర్గం ఉంది. టర్కిష్, ఫిన్నిష్, జార్జియన్ అందులోవే. తెలుగు కూడా అందులోదే.

అక్కడే అర్థమైపోవాలి, ఆ లెక్క ఎవరి కోసం వేశారో. అది ఇంగ్లిష్‌తో పెరిగినవాళ్ల లెక్క. వాళ్లు నెలల తరబడి కుస్తీపడే వాక్య నిర్మాణం మనకి పలక పట్టకముందే వచ్చేసింది. క్రియని చివర పెట్టడం, విభక్తిని నామం వెనక అతికించడం, 'నిన్న సంతలో కొన్న గొడుగు' అని గొడుగు గురించి చెప్పాల్సిందంతా గొడుగుకి ముందే చెప్పేయడం, 'లేచి, తిని, బస్సెక్కి వచ్చాను' అని పనుల్ని గుచ్చుకుంటూ పోవడం, ఇదంతా మన చేతిలో ఉన్న పెట్టుబడి. అందుకని నేనైతే ఎవరికైనా రెండు విషయాలు చూసుకోమంటాను. ఈ పెట్టుబడి ఏ భాషలో ఎంత చెల్లుతుంది? చెల్లని చోట మిగిలే కష్టం ఏ రకంది, అది మీకు సరదా అనిపించే రకమేనా?

జపనీసా, కొరియనా

ఎక్కువమంది ఆగిపోయేది ఈ రెండిటి మధ్యే. యానిమే చూసి ఇటు వచ్చేవాళ్లు, కొరియన్ సీరియళ్లు చూసి అటు వెళ్లేవాళ్లు. వ్యాకరణం వరకు రెండూ మనకి దాదాపు సమానంగానే అచ్చొస్తాయి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనం 'వెళ్తాను' అనం, 'వెళ్లొస్తాను' అంటాం. జపాన్‌లో గడప దాటేవాళ్లు చెప్పేది 'ఇత్తే కిమాసు'. ఇత్తే అంటే వెళ్లి, కిమాసు అంటే వస్తాను. కొరియాలోనూ వెళ్లి రావడం గురించే చెప్పి బయల్దేరతారు. 'వస్తాను అని అన్నాడు' జపనీస్‌లో 'కురు తో ఇత్త'. మన 'అని' ఎక్కడ ఉంటుందో వాళ్ల 'తో' అక్కడే ఉంటుంది. 'నేను చదివిన పుస్తకం' కొరియన్‌లో 'నేగా ఇల్గున్ చేక్', మాటకి మాట అదే వరస. ఇంగ్లిష్ ద్వారా నేర్పే పుస్తకాల్లో ఈ ఒక్క నిర్మాణం మీదే పేజీలకి పేజీలు ఉంటాయి. మనం వాటిని తిప్పేసుకుంటూ పోవచ్చు.

మర్యాద సంగతి కూడా అంతే. 'వర్షం పడుతోంది' అంటాం, ఎదుట పెద్దవాళ్లుంటే 'వర్షం పడుతోందండి' అంటాం. మాట వాన గురించి, మర్యాద వినేవాళ్లకి. కొరియన్‌లో వాక్యం చివర చేరే 'యో', జపనీస్ క్రియకి చేరే 'మాసు' చేసే పని ఇదే. కాకపోతే అక్కడ మెట్లు ఎక్కువ. కొరియన్ వ్యాకరణాలు ఆరేడు స్థాయిలు చెప్తాయి. మామూలు మాటల్లో రెండు మూడు వస్తే గడిచిపోతుంది.

తేడా అంతా లిపి దగ్గర మొదలవుతుంది. కొరియన్ లిపి హంగుల్‌ని సేజోంగ్ రాజు 1443లో తయారుచేయించి 1446లో ప్రజలకి ప్రకటించాడు. పుట్టిన తేదీ తెలిసిన లిపులు ప్రపంచంలో చాలా తక్కువ. ఇందులో హల్లుల ఆకారాలు నోటిని చూసి గీసినవి. 'న' గుర్తు నాలుక కొన పైకి లేచి పళ్ల వెనక తగిలిన తీరు, 'మ' గుర్తు మూసిన నోరు, 'క' గుర్తు గొంతు వైపు లేచిన నాలుక వెనకభాగం. ఊపిరి ఒత్తి పలికే అక్షరం కావాలంటే ఉన్నదానికి ఒక గీత కలుపుతారు. మనం 'ద' కింద గీత పెట్టి 'ధ', 'ప' కింద పెట్టి 'ఫ' చేసుకున్నట్టే. ఇప్పుడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 24. వాటిని వరసగా కాకుండా, ఒక్క పలుకులో వచ్చేవాటిని ఒక్కో గడిలో పేర్చి రాస్తారు. గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి ఇదేమీ వింత కాదు. పట్టుగా కూర్చుంటే వారంలో బోర్డులు చదవొచ్చు.

జపనీస్‌లో అలా కుదరదు. ముందు హిరగాన, కతకాన అనే రెండు అక్షరమాలలు, ఒక్కోదాంట్లో 46 అక్షరాలు. ఇక్కడివరకు బాగానే ఉంటుంది, పైగా ఆ అక్షరాల వరస చూస్తే పాత స్నేహితుడు కనబడ్డట్టుంటుంది: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ మంత్రాల కోసం సంస్కృత అక్షరాలు నేర్చుకున్న జపాన్ భిక్షువుల చదువు ప్రభావంతో ఏర్పడిన క్రమం ఇది. హ వరసని పూర్వం ప లాగా పలికేవారు. స వరస చ కి దగ్గరగా ఉండేదని పండితుల అభిప్రాయం. ఆ రెండూ మార్చి చదివితే క, చ, త, న, ప, మ, య, ర, వ. మన వర్ణమాలే, కొన్ని గదులు ఖాళీగా.

కంజీ దగ్గర ఈ చుట్టరికం పనిచేయదు. చైనా నుంచి తెచ్చుకున్న ఈ అక్షరాల్లో నిత్యవ్యవహారానికని ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోనే 2136 ఉన్నాయి. అందులో 1026 ప్రాథమిక పాఠశాలలోనే నేర్పుతారు. సంఖ్య కంటే పెద్ద తలనొప్పి ఏమిటంటే ఒక్కో అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలుంటాయి. పుట్టుక, బతుకు, పచ్చిదనం అనే అర్థాలు మోసే ఒక్క అక్షరానికైతే అధికారిక జాబితాలోనే పదికి పైగా ఉన్నాయి. లెక్కపెట్టడం మరో వింత. పొడుగ్గా ఉన్నవాటికి ఒక ప్రత్యయం, పల్చగా ఉన్నవాటికి ఒకటి, చిన్న జంతువులకి ఇంకొకటి. మనకీ ఈ గుణం కొంచెం ఉంది. రెండు కుర్చీలు అంటాం గానీ రెండు మనుషులు అనం, ఇద్దరు అంటాం. జపాన్‌లోనూ మనుషుల్ని హితోరి, ఫుతారి అని వేరే మాటలతో లెక్కపెడతారు.

మరి లిపి తేలిక కాబట్టి కొరియన్ తేలికా? నోటికి కాదు. కొరియన్‌లో క లాంటివి మూడున్నాయి: వదులుగా ఒకటి, బిగించి ఒకటి, ఊపిరితో ఒకటి. మాట మొదట్లో వచ్చినప్పుడు ఈ మూడూ మన గ, క, ఖ లతో సరిగ్గా జతపడవు. దానికితోడు రెండు రకాల అంకెలు. గంటల్ని దేశీ అంకెలతో, నిమిషాల్ని చైనా నుంచి వచ్చిన అంకెలతో చెప్పాలి, ఒకే గడియారం చూస్తూ. జపనీస్ ఉచ్చారణ మాత్రం మనకి దాదాపు ఉచితం. అయిదు అచ్చులు, హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం, అన్నీ మనవే.

మొదలుపెట్టిన నెలలోనే ఏదో ఒకటి చదివేశామన్న తృప్తి లేకపోతే వదిలేసే స్వభావమైతే కొరియన్ తీసుకోండి. అక్షరాల బొమ్మలంటే పిచ్చి ఉండి, అయిదేళ్లు పట్టినా ఫరవాలేదు అనుకునేవాళ్లకి జపనీస్. నవలలు చదవాలనే కోరికతో జపనీస్ మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఆ కోరిక తీరడానికి చాలా ఓపిక కావాలని ముందే తెలుసుకోవాలి. వినడానికి, మాట్లాడడానికి వచ్చినంత త్వరగా చదవడానికి రాదు.

ఎవరూ అడగని టర్కిష్

నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. ఎవరూ అడగరు కాబట్టి ఇన్నాళ్లూ చెప్పలేదు.

లిపి సమస్యే లేదు. అరబిక్ లిపి స్థానంలో లాటిన్ అక్షరాలు తెస్తూ టర్కీ తొలి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ ప్రభుత్వం 1928 నవంబరులో చట్టం చేసింది. 29 అక్షరాలు, రాసినట్టే పలకడం. చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేరు అక్షరాలు. చిన్నక్షరాల్లోనే కాదు, పెద్దక్షరాల్లోనూ చుక్క తేడా ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లని ఈ చుక్క చాలా ఇబ్బంది పెడుతుంది.

వ్యాకరణం చూస్తే మనం ఏ ఊరు వచ్చామో అనుమానం వస్తుంది. 'గిదిప్ గెల్దిమ్' అంటే వెళ్లి వచ్చాను. ఉంది, లేదు అనే మన జంటకి అక్కడ 'వార్', 'యోక్' ఉన్నాయి. డబ్బు లేదు అనాలంటే డబ్బు, లేదు, అంతే. 'ఎవ్' ఇల్లు, 'ఎవ్‌లెర్' ఇళ్లు, 'ఎవ్‌లెరిమిజ్' మా ఇళ్లు, 'ఎవ్‌లెరిమిజ్‌దెన్' మా ఇళ్లలోంచి. 'అని' కి సాటి వచ్చే మాట 'దియె'. అది కూడా మన 'అని' లాగే 'అను' అనే అర్థమున్న క్రియ నుంచే పుట్టింది. రెండు భాషలకీ చుట్టరికం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. అయినా ఇద్దరూ ఒకే దారిలో నడిచారు.

అన్నిటికంటే నాకు నచ్చేది 'మిష్'. కళ్లతో చూసి చెప్తే 'గెల్ది', వచ్చాడు. ఎవరో చెప్తే విన్నా, గుర్తులు చూసి ఊహించినా 'గెల్మిష్', వచ్చాడట. మన 'అట' చేసే పనిని ఇక్కడ క్రియారూపమే చేస్తుంది. 'వాడికి పెళ్లయిందట' అనేటప్పుడు ఆ 'ట' తో మన బాధ్యత ఎంత తెలివిగా తప్పించుకుంటామో తెలిసినవాళ్లకి ఈ రూపం విడమర్చి చెప్పక్కర్లేదు. టర్కిష్ జానపద కథలు మొదలయ్యేదే ఈ రూపంతో: ఒకటి ఉందట, ఒకటి లేదట.

కొత్తగా నేర్వాల్సింది అచ్చుల పొత్తు. బహువచన ప్రత్యయం ఎవ్ కి 'లెర్', గుర్రం అనే అర్థమున్న అత్ కి 'లార్'. ముందున్న అచ్చుని బట్టి ప్రత్యయంలో అచ్చు మారుతుంది. కొన్నిచోట్ల రెండు కాదు, నాలుగు రూపాలు. కంగారు పడక్కర్లేదు, మనమూ చేస్తున్నాం: పులికి, ఆవుకు, పులిని, ఆవును. బహువచనంలో పులి కాస్తా పులులు అయి లోపలి అచ్చు కూడా మారిపోతుంది. మాటలు కూడా కొన్ని ఎదురొస్తాయి. ఉర్దూ ద్వారా మన వాడుకలోకి వచ్చిన జవాబు, తారీఖు, హాజరు, దుకాణం, కలం అక్కడ కొద్దిగా వేషం మార్చుకుని ఉన్నాయి. 'హజర్' అంటే సిద్ధంగా ఉన్నట్టు, 'తారిహ్' అంటే తేదీతో పాటు చరిత్ర కూడా. లింగభేదం అసలు లేదు. వాడు, ఆమె, అది మూడింటికీ 'ఒ' అనే ఒకటే సర్వనామం.

తక్కువ సమయంలో ఎక్కువ దూరం వెళ్లాలి, వ్యాకరణంలోని మెలికలే నాకు సరదా అనేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా దీన్ని పట్టుకోవచ్చు. లోటల్లా మన ఊళ్లలో నేర్పేవాళ్లు తక్కువ. ఆన్‌లైనే గతి.

ఫిన్నిష్: వ్యాకరణం ముదిరినవాళ్లకి

15 విభక్తులు అనగానే ఇంగ్లిష్‌వాళ్లు గుండెలు బాదుకుంటారు. మన విభక్తుల పట్టికలో లోపల, మీద, నుంచి, దాకా లాంటివన్నీ కలిపి చూస్తే ఆ 15 లో చాలావరకు మనం అడిగేవే. ఫిన్నిష్‌లో మనకి దొరికే అసలు మజా వేరేచోట ఉంది. అక్కడ 'కాదు' అనే మాటకే పురుష ప్రత్యయాలు చేరతాయి: 'ఎన్ తులే' రాను, 'ఎత్ తులే' రావు, 'ఎయ్ తులే' రాదు. రాను, రావు, రాడు, రాదు, రాము, రారు అని వ్యతిరేకాన్ని మనిషిని బట్టి తిప్పే మనకి ఇది చదవగానే నవ్వొస్తుంది.

హ్రస్వ దీర్ఘాలు తప్పితే అర్థం మారిపోవడమూ మనకి అలవాటే. 'తులి' నిప్పు, 'తూలి' గాలి, 'తుల్లి' కస్టమ్స్. మెడకి మేడకి, గుడికి గుడ్డికి తేడా తెలిసిన చెవి ఇక్కడ పొరబడదు. విభక్తి చేరేముందు మాట లోపలే మారడం ఇంకొకటి. చేయి అనే అర్థంలో 'క్యాసి', చేతి అనాలంటే 'క్యాదెన్'. ఇల్లు ఇంటి, ఏరు ఏటి, చేయి చేతి అని బళ్లో ఔపవిభక్తికాలు వల్లించినది ఇన్నాళ్లకి పనికొస్తుందన్నమాట.

మరి అడ్డంకి? మాటలు. ఒక్కటీ తెలిసినట్టుండదు. పుస్తకాల భాషకీ వీధి భాషకీ దూరం కూడా ఎక్కువే. మాట్లాడేవాళ్లు అటూ ఇటూగా 50 లక్షలు, వాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ చక్కగా వచ్చు. మీరు తడబడుతూ ఫిన్నిష్‌లో అడిగితే ఇంగ్లిష్‌లో సమాధానం చెప్తారు. గ్రామర్ పుస్తకాన్ని నవలలా చదవగలిగేవాళ్లకే దీన్ని సిఫార్సు చేస్తాను.

చైనీస్, అరబిక్ గురించి నాలుగు మాటలు

చైనీస్‌లో మన పెట్టుబడి దాదాపు చెల్లదు. క్రియకి కాలం లేదు, పురుష లేదు, నామానికి విభక్తి లేదు. అతికించడానికి ఏమీ ఉండదు, అన్నీ వరసని బట్టే. ఆ వరస కూడా ఇంగ్లిష్‌కి దగ్గర. దీనికితోడు నాలుగు స్వరాలు (గొంతు ఎత్తి పలికారా, దించి పలికారా అన్నదాన్ని బట్టి మాట అర్థమే మారిపోతుంది), 2013 నాటి అధికారిక పట్టికలో మొదటి అంచెలోనే 3500 అక్షరాలు. తెలుగుకి పూర్తిగా వ్యతిరేక దిక్కులో ఉన్న భాష ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక ఉంటే తప్ప సరదాకి దీన్ని ఎంచుకోమనను. సంగీతం తెలిసిన చెవి ఉంటే స్వరాలు అంత భయపెట్టవు.

అరబిక్‌లో మాట పుట్టే పద్ధతే వేరు. క-త-బ అనే మూడు హల్లులు 'రాయడం' అనే భావాన్ని మోస్తాయి. మధ్యలో అచ్చులు మారుస్తూ పోతే కతబ రాశాడు, కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తబ్ ఆఫీసు. మనం మాట చివర అతికిస్తే వాళ్లు మాట లోపల అల్లుతారు. ఏకవచనానికి, బహువచనానికి మధ్య ద్వివచనం ఉంది. మనుషులు కానివాటి బహువచనాన్ని వ్యాకరణం స్త్రీలింగ ఏకవచనంగా చూస్తుంది. ఇది వింతే గానీ, 'ఆమె వచ్చింది', 'కుక్క వచ్చింది' అని ఒకే క్రియ వాడే మనం వేలెత్తి చూపించలేం.

అయితే అరబిక్ ఎంచుకునేముందు ఏ అరబిక్ అన్నది తేల్చుకోవాలి. రాతలో, వార్తల్లో ఉండేది ఒకటి, ఇళ్లలో మాట్లాడేది ఇంకొకటి, అదీ దేశానికొకటి. గ్రాంథికం, వ్యావహారికం గొడవ గిడుగు రామమూర్తి తరం పోరాటంతో మన దగ్గర చాలావరకు తీరిపోయింది. అక్కడ ఇంకా రెండు భాషల కాపురమే. కరీంనగర్, జగిత్యాల, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లు మాట్లాడే గల్ఫ్ అరబిక్‌తో మొదలుపెట్టండి, అభ్యాసానికి మనిషి దొరికినట్టే. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకి లిపి కష్టం ముందే సగం తీరింది.

కొంచెం దారి తప్పాలనుకుంటే జార్జియన్

కాకసస్ పర్వతాల దగ్గరి జార్జియాలో మాట్లాడే ఈ భాషకి చుట్టాలు చాలా కొద్ది. 33 గుండ్రటి అక్షరాలు, మామూలు రాతలో పెద్దక్షరాల గొడవ లేదు. మన లిపి పక్కన పెడితే ఇబ్బందిగా ఉండదు. ఆ దేశంలో బతికి ఉన్న మూడు రాత పద్ధతుల సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. 'నాకు ఆకలేస్తోంది' అని మనం 'నాకు' తో చెప్పేదాన్ని వాళ్లూ చతుర్థి విభక్తితోనే చెప్తారు. 80 అంటే నాలుగు ఇరవైలు. ఇక భూతకాలంలో కర్తకి ప్రత్యయం తగిలించే పద్ధతి ఒకటుంది. హిందీలో 'నే' ఎప్పుడు పెట్టాలో తెలియక పడిన టెన్షన్ గుర్తుంటే, ఇది దానికి పెద్దన్న. హల్లులు నాలుగైదు ఒకేసారి మీదపడతాయి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి అచ్చు దొరకదు. మాట చివర అచ్చు లేకపోతే తోచని మన నోటికి ఇదే అసలు పరీక్ష. రెండో భాషగా బాగుంటుంది, మొదటి సాహసంగా వద్దు.

ఇంకా దగ్గర్లో

ఇంత దూరం వెళ్లాలా అనిపిస్తే ఆదిలాబాద్ దాకా వెళ్లండి. 2011 జనగణన ప్రకారం దేశంలో 30 లక్షలకి దగ్గరగా గోండీ మాట్లాడేవాళ్లున్నారు. భాషా కుటుంబంలో తెలుగు, గోండీ ఒకే కొమ్మకి చెందినవి. తమిళం, కన్నడం కంటే ఇదే మనకి దగ్గరి రక్తసంబంధం. రెండు, మూడు, నాలుగు అక్కడ రండ్, ముండ్, నాలుంగ్ లాంటి రూపాల్లో వినిపిస్తాయి, ప్రాంతాన్ని బట్టి కాస్త మారుతూ. లింగం దగ్గర ఒక ముచ్చట ఉంది. తెలుగులో ఒక్క ఆడమనిషి వస్తే 'వచ్చింది', నలుగురు వస్తే మగవాళ్లతో సమానంగా 'వచ్చారు'. గోండీలో ఆడవాళ్లు నలుగురైనా మగవాళ్లతో కలవరు, మగవాళ్లు ఒకవైపు, మిగతా లోకమంతా మరోవైపు.

లిపులు కూడా ఒకటికి రెండున్నాయి. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌కి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో తయారుచేసిన మసారం గోండీ లిపి ఒకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో 2006లో వెలుగులోకి వచ్చిన రాతప్రతుల్లోని గుంజాల గోండీ లిపి రెండోది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే రోజుకో పాఠం చెప్పి పాయింట్లిచ్చే యాప్ లేదు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు స్నేహితులో, సహోద్యోగులో ఉన్నవాళ్లకి మాత్రమే ఇది కుదిరే పని, ఎందుకంటే మాట్లాడేవాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఏది అనుకున్నా డబ్బు కట్టి కోర్సులో చేరకండి ముందు. ఉచితంగా దొరికే పాఠాలతో రెండు వారాలు చూడండి, ఒక్కో వారం ఒక్కో భాష. కొరియన్ అయితే ఆ మూడు రకాల క పలకడం, టర్కిష్ అయితే ప్రత్యయాలు, జపనీస్ అయితే ఓ ముప్పై కంజీలు, అంటే ఆ భాషలో ఎక్కువ కష్టపెట్టే ముక్కనే ముందు నోట్లో వేసుకోండి. విసుగు పుట్టించకుండా ఏది మళ్లీ పుస్తకం తెరిపించిందో దానికే ఫీజు కట్టండి.